పాండవులు లేని మాయాబజార్, కోడి తగలని కోడికూర

పోయిన సంచిక చివర్లో ఊరికే ఒక్క మాట అడిగాం: మీకు నచ్చిన పాత సినిమా ఒకటి, కొత్త సినిమా ఒకటి చెప్పండి, ఎందుకు నచ్చాయో కూడా రాయండి అని. వచ్చిన ఉత్తరాల్లో మూడొంతులు ఆ ‘ఎందుకు’ దగ్గరే ఆగిపోయాయి. ‘సూపర్’, ‘ఎవర్‌గ్రీన్’, ‘ఇప్పుడలాంటివి ఎక్కడొస్తున్నాయి సార్’, అంతే. మిగిలిన ఒక్క వంతులోనే అసలు సరుకుంది. అందులోంచి కొన్ని ఇవి. పేర్లు వేయొద్దని చాలామంది అడిగారు (ఇంట్లో గొడవలవుతాయట), కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: ఇంట్లోవాళ్ళ పోరు పడలేక ‘మాయాబజార్’ చూశాను. మొదటి అరగంట నిజంగా నిద్రొచ్చింది. దీన్ని ఎందుకంత నెత్తిన పెట్టుకుంటారో తిట్టకుండా చెప్పగలరా? (ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని)

జవాబు: తిట్టను తల్లీ. నిద్ర రావడం నేరమేమీ కాదు, ఈమధ్య నాకు రెండు పెద్ద సినిమాల్లో, చెవులు చిల్లులు పడే సౌండులో కూడా వచ్చింది. ఒక పని చెయ్యి. ఈసారి కథ చూడొద్దు, పాండవులు ఎక్కడున్నారో వెతుకు. దొరకరు. అభిమన్యుడి పెళ్ళి గురించి ఇంత రాద్ధాంతం నడుస్తుంటే, మూడు గంటలు దాటిన సినిమాలో వాళ్ళ నాన్న అర్జునుడు ఒక్క ఫ్రేములో కూడా కనిపించడు. జూదంలో ఓడిపోయారు, అడవికి వెళ్ళారు అని మాటల్లో వింటాం, అంతే. ఆ లోటు మనకు తెలియనే తెలియదు, ఎవరో గుర్తు చేసేదాకా. 1957లో కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు అంత ధీమాగా స్క్రీన్‌ప్లే రాసుకున్నారు. ఇదే కథ ఇవాళ తీస్తే ఐదుగురికీ ఐదు ఎంట్రీలు పడేవి, స్లో మోషన్‌లో.

ఆ తర్వాత ప్రియదర్శిని పెట్టె సీను చూడు. మూత తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అది కనిపించే పెట్టె అది. శశిరేఖకి అభిమన్యుడు కనిపిస్తాడు, ఇప్పటి వీడియో కాల్ లాగే. బలరాముడికి దుర్యోధనుడు. కృష్ణుడు తెరిస్తే అందులో శకుని! పెద్దగా డైలాగులు వాడకుండా, ఒక పెట్టెతో, ఎవరి మనసులో ఏముందో చెప్పేసి కథని ముందుకు తోసేశారు. ఆ శకుని ఎందుకు కనిపించాడా అని నేను చిన్నప్పుడు చాలా రోజులు బుర్ర గోక్కున్నాను.

ఇంకొకటి, సావిత్రి. సినిమా రెండో సగంలో ఆవిడ చాలాసేపు శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఎస్.వి. రంగారావు లాంటి మనిషిని లోపల పెట్టుకుని పైకి పెళ్ళికూతురిలా సిగ్గుపడాలి. పెళ్ళి పాటలో సుశీల గొంతు నడుస్తూ నడుస్తూ ఉండగా మధ్యలో ఘంటసాల గొంతు దూసుకొస్తుంది చూడు, సరిగ్గా అక్కడ ఆవిడ భుజాలు ఎలా మారతాయో గమనించు. నడుము మీద చెయ్యి, రొమ్ము విరుచుకుని నిలబడటం, ఎవరో చూశారని గబుక్కున మళ్ళీ తల దించేసుకోవడం. ఏ గ్రాఫిక్సూ లేవు, ఒళ్ళే. ఇదీ నచ్చకపోతే ఇంక వదిలెయ్, ఇంట్లోవాళ్ళకి నేను చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారికి ఇష్టమని ఒక రీరిలీజ్‌కి తీసుకెళ్ళాను. తెర ముందుకెళ్ళి డాన్సులు, కాగితాలు, ప్రతి డైలాగూ తెరకంటే ముందు జనమే చెప్పేస్తున్నారు. ఒక్క ముక్క వినపడలేదు. ఈ పిచ్చి ఎప్పుడు తగ్గుతుంది? ఫ్లాపైన సినిమాలకి కూడా ఈ హడావుడి ఏంటి?

జవాబు: మీ నాన్నగారికి నా సానుభూతి. తర్వాత ఎప్పుడైనా తీసుకెళ్తే మొదటి రోజు వద్దు, రెండో రోజు మార్నింగ్ షోకి వెళ్ళండి, హాల్లో మీరూ, మీలాంటి ఇంకో పాతికమందీ ఉంటారు, హాయిగా వినపడుతుంది.

ఇక పిచ్చి సంగతి. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి ‘పోకిరి’ స్పెషల్ షోలు వేశారు కదా, అక్కణ్ణుంచి ఊపందుకుంది. వాళ్ళు సినిమా చూడ్డానికి రావడం లేదండీ. సినిమా వాళ్ళకి ఎప్పుడో కంఠస్థం. అందరితో కలిసి ఒకసారి అప్పజెప్పడానికి వస్తున్నారు. ఇదివరకు పౌరాణిక నాటకాల్లో పద్యం ఎత్తుకోగానే ‘వన్స్ మోర్’ అని అరిచి నటుణ్ణి ఊపిరి తీసుకోనివ్వని తాతల మనవళ్ళే వీళ్ళు, కొత్తేమీ కాదు.

ఫ్లాపుల విషయమే నాకు ఆసక్తి. ‘ఖలేజా’ సంగతే తీసుకోండి. 2010 అక్టోబర్‌లో వచ్చింది. అంతకుముందు మహేశ్ సినిమా 2007లో వచ్చిన ‘అతిథి’. మూడేళ్ళు ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేస్తే వాడికి ఏం కావాలి? కొట్లాట, పంచ్ డైలాగు, ‘పోకిరి’లో చూసిన ఆ బిగదీసిన మొహం. తెర మీదేమో ఒక టాక్సీ డ్రైవరు వాగుతూనే ఉంటాడు, ఎవరో ఊరివాళ్ళు నువ్వు మా దేవుడివి అంటే ‘నన్ను వదిలెయ్యండ్రా’ అన్నట్టు చిరాకు పడతాడు. జనం బిత్తరపోయారు. నేనూ బిత్తరపోయి బయటికొచ్చి చెడ్డగా రాసినవాణ్ణే, దాచుకోవడం దేనికి. తర్వాత టీవీలో, ఏ అంచనా లేకుండా, అన్నం తింటూ మధ్యలోంచి చూశాం. అప్పుడు ఆ వాగుడులోని టైమింగ్ తెలిసింది. 2025 మేలో మళ్ళీ వేస్తే జనం ఎగబడ్డారు. సినిమా మాత్రం అదే. అదే 2010లో ఫ్లాపైన ‘ఆరెంజ్’ కథ కూడా ఇంచుమించు ఇంతే, కాకపోతే అందులో హ్యారిస్ జయరాజ్ పాటలు మొదటి నుంచీ జనం నోట్లోనే ఉన్నాయి, సినిమాయే వెనకాల నడుచుకుంటూ వచ్చింది.

‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ది వేరే లెక్క. 1990 మే 9న, బయట తుపాను కుమ్మేస్తుండగా విడుదలై ఆడిన సినిమా అది. సరిగ్గా 35 ఏళ్ళకి అదే తేదీన మళ్ళీ వేశారు, త్రీడీలో కూడా. దానికి ఎవరూ క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు.

ప్రశ్న: పోయిన సంచికలో మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని వేశారు. తప్పు. దిద్దుకోండి. (ఒక రిటైర్డ్ లెక్చరర్)

జవాబు: తప్పేనండీ. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత రికార్డులు తవ్వి ఈ తేదీ తేల్చారు. మా డెస్కులో ఎవరో పాత పుస్తకంలోంచి ఎత్తేశారు. ఆ ‘ఎవరో’ నేనే.

ప్రశ్న: కోట శ్రీనివాసరావు గారు పోయాక అందరూ ఆ కోడి సీనే షేర్ చేస్తున్నారు. ఆయన్ని అంత చిన్నది చేస్తారా?

జవాబు: మీ బాధ అర్థమైంది గానీ, ఆ సీను చిన్నదని నేను ఒప్పుకోను. ‘అహ నా పెళ్ళంట’ (1987)లో లక్ష్మీపతి పైన కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ కింద ఉత్తన్నం తింటాడు. కాగితం మీద చదివితే ఇది ఒక జోకు. జంధ్యాల రాసి ఉంటారు, ఎవరైనా చేసి ఉండొచ్చు. కానీ కోట ఏం చేశాడో చూడండి. ఆయన నవ్వించడానికి ప్రయత్నించడు. ముద్ద కలిపి, పైకి చూసి, నోట్లో పెట్టుకుని నమిలేటప్పుడు ఆ మొహంలో నిజంగా కోడికూర తిన్నవాడి తృప్తి ఉంటుంది. ఆ తృప్తికే మనం పడి పడి నవ్వేది. లక్ష్మీపతి తనని తాను పిసినారి అనుకోడు, తెలివైనవాణ్ణి అనుకుంటాడు, లోకమంతా దుబారా మనుషులని జాలిపడుతుంటాడు. ఆ నమ్మకం ఒక్క క్షణం సడలినా సీను పోయేది.

అంతకు రెండేళ్ళ ముందు ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్యగా ఇదే మనిషి, తెలంగాణ యాసలో, నవ్వుతూ నవ్వుతూనే మన వెన్నులో చలి పుట్టించాడు. ఆ కాశయ్యకీ ఈ లక్ష్మీపతికీ ముక్కూ మొహం ఒకటే, మనిషి ఒకడు కాదు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో మొదలుపెట్టి, 2025 జులై 13న పోయేనాటికి ఆయన వందల సినిమాలు చేశారు. అన్నిటినీ గుర్తుపెట్టుకోమని ఎవరూ అడగలేరు. కోడితో మొదలుపెట్టిన కుర్రాడు కాశయ్య దాకా వస్తే చాలు. రానివ్వండి.

ప్రశ్న: ‘బలగం’ చూసి మా ఇంట్లో అందరూ ఏడ్చారు. మా బావ మాత్రం ‘ఇది సీరియలేరా, సినిమా కాదు’ అన్నాడు. ఇద్దరం మూడు రోజులు మాట్లాడుకోలేదు. మీరు తీర్పు చెప్పండి.

జవాబు: మీరిద్దరూ ‘బలగం’ గురించే కొట్టుకుని మాట్లాడుకోవడం మానేశారంటే అంతకన్నా ఆ సినిమాకి మెచ్చుకోలు ఏముంటుంది! ఆ సినిమా కథే అది కదా. బావా బావమరుదులకి ఎక్కడ చెడింది? నల్లి బొక్క (మూలుగ ఉన్న మాంసపు ఎముక) దగ్గర. విస్తట్లో ఆ బొక్క పడలేదని అలిగిన అల్లుడు ఏళ్ళ తరబడి అత్తారింటి గడప తొక్కడు. వినడానికి ఎంత సిల్లీగా ఉంది! మన ఇళ్ళల్లో గొడవలన్నీ సరిగ్గా ఇంత సిల్లీ చోటే మొదలవుతాయి, పైకి మాత్రం ‘మర్యాద’, ‘పరువు’ అని పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుంటాం. దర్శకుడు వేణు యెల్దండి ఆ పేర్లన్నీ తీసేసి బొక్కని బొక్కగానే చూపించాడు.

మీ బావ మాటలో కూడా కొంచెం నిజముంది, దాటేయను. కొన్ని సీన్లు ఫోటోకి నిలబడ్డట్టు ఉంటాయి. ఏడుపు కూడా ఒక్కోచోట ఎక్కువ వడ్డించారు. కానీ కొమురయ్య పోయాక పిట్టకు పెట్టే సీన్లు గుర్తు చేసుకోండి. అన్నం పెట్టి అందరూ దూరంగా నిలబడి ఆకాశం వైపు చూస్తుంటారు, కాకి రాదు. వచ్చినా ముట్టదు. ఊరంతా చూస్తోంది. ఇక్కడ విలన్ లేడు, బాంబు లేదు, ఉన్నదల్లా ఒక కాకి తింటుందా తినదా అన్న టెన్షన్. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి పాట అందుకునేసరికి తెర మీద ఏడ్చేవాళ్ళు నటులో చుట్టాలో మర్చిపోతాం. 2023లో ఊళ్ళల్లో జనం సొంతంగా తెరలు కట్టుకుని నడిబజార్లో కూర్చుని చూశారు దీన్ని. సీరియల్ కోసం ఎవరూ తెర కట్టరని మీ బావకి చెప్పండి. మాట్లాడుకోవడం మొదలెట్టాకే చెప్పండి.

ప్రశ్న: మా హీరో లేటెస్ట్ సినిమా అసలు కలెక్షన్ ఎంత? అవతలివాళ్ళ పోస్టర్ మీద వేసింది నిజమా?

జవాబు: సినిమాలో మీకు నచ్చిన సీను ఒక్కటి రాసి పంపండి, పోస్టర్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మూడు గంటల సినిమాలు భరించలేకపోతున్నాం. రెండు గంటలకి చట్టం చేయలేరా?

జవాబు: మొన్న ‘బాహుబలి’ రెండు భాగాలూ కలిపి ‘ది ఎపిక్’ అని 2025 అక్టోబర్ 31న వదిలారు. విడివిడిగా ఐదు గంటలు దాటినదాన్ని మూడు గంటల నలభై ఐదు నిమిషాలకి కుదించారు. అవంతిక ప్రేమకథ చాలావరకు ఎగిరిపోయింది, కొన్ని పాటలు పోయాయి, అవి తీసేశామని రాజమౌళే స్వయంగా చెప్పారు. నేను చూసి వచ్చి తెల్లబోయాను, ఎందుకంటే 2015లో మొదటి భాగం చూసినప్పుడు ఆ పాటల్లో మనం ఫోన్లు చూసుకున్నాం, ఇప్పుడు అవి లేకపోతే ఏదో వెలితిగా ఉంది. మనిషి మనసుకి ఏ ఎడిటరూ సరిపోడు. నిమిషాల మీద చట్టం కుదరదండీ. ఇంటర్వెల్‌ లోపల ఎన్నిసార్లు వాచీ చూసుకున్నారో అదొక్కటే నా లెక్క. నాలుగు దాటితే నేను రివ్యూ మొదటి లైను మనసులో రాసేసుకుంటాను.

ప్రశ్న: నాకు కర్ణాటక సంగీతం ఓనమాలు కూడా రావు. ‘శంకరాభరణం’ నాకు ఎక్కుతుందా?

జవాబు: 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ళలో నూటికి తొంభైమందికి కూడా రాదు. మొదట్లో హాళ్ళు ఖాళీగానే ఉన్నాయి, ఒకరు చూసి ఇంకొకరికి చెప్పి నింపుకున్నారు. హీరోయేమో జె.వి. సోమయాజులు, నడివయసు దాటిన నాటకాల మనిషి, డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేసుకునేవారు. హీరోయిన్ మంజుభార్గవికి మాటలు దాదాపు లేవు. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గుండె ఏ రాయితో చేశారో గానీ.

మీరు రాగాల జోలికి పోకండి. తులసి (మంజుభార్గవి వేసిన పాత్ర) కళ్ళు పట్టుకుని వెళ్ళండి. శాస్త్రిగారు (సోమయాజులు పాత్ర) పాడుతుంటే ఆవిడ వినే తీరు ఒకటుంది, పాట అర్థమైనవాళ్ళ మొహం కాదది, దాహం తీరుతున్నవాళ్ళ మొహం. చివరి కచేరీలో శాస్త్రిగారి గొంతు ఆగిపోతే పక్కనున్న పిల్లవాడు పాట అందుకుంటాడు చూడండి (ఆ పిల్లవాడి వేషం వేసింది బేబీ తులసి, అంటే అమ్మాయి), అక్కడ మీకు సరిగమలతో పని ఉండదు. దర్శకుడు కె. విశ్వనాథ్ 2023లో కన్నుమూసింది కూడా ఫిబ్రవరి 2నే, ‘శంకరాభరణం’ విడుదలైన తేదీ. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ప్రశ్న: ‘మిస్సమ్మ’లో సావిత్రిని చూశాక ఇంకెవరినీ ఊహించుకోలేం కదా?

జవాబు: కాస్తలో తప్పిపోయింది. ముందు ఆ వేషం భానుమతిది. ఆవిడ తప్పుకోవడంతో సావిత్రిని ఇటు జరిపి, సావిత్రి వేయాల్సిన వేషం జమునకి ఇచ్చారు. సావిత్రి కథని 2018లో ‘మహానటి’గా చూసి కీర్తి సురేశ్‌ని మెచ్చుకున్న పిల్లలంతా తర్వాత ‘మిస్సమ్మ’ వెతుక్కున్నారా అన్నదే నా సందేహం. వెతుక్కున్నవాళ్ళు ఉంటే రాయండి.

ప్రశ్న: అమ్మానాన్న, నేను, తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడు, నలుగురం కలిసి ఇబ్బంది పడకుండా చూసే ఈమధ్య సినిమాలు చెప్పండి. ఫైట్లు లేకపోయినా పర్లేదు.

జవాబు: మీ తమ్ముడికి లెక్కలంటే భయమైతే ‘35 చిన్న కథ కాదు’ (2024). అందులో పిల్లవాడికి వచ్చే సందేహం ఏంటంటే, సున్నాకి విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిదికంటే ఎలా పెద్దదైపోతుంది అని. మేష్టారు జవాబు చెప్పడానికి బదులు వాడికే ‘జీరో’ అని పేరు పెడతాడు. నాకు ఆ పిల్లవాడి మీద జాలి కన్నా, అంత మంచి ప్రశ్న నాకు ఎనిమిదేళ్ళప్పుడు రాలేదే అని ఈర్ష్య కలిగింది. దాని తర్వాత ‘కోర్ట్’ (2025), పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో ఇరుక్కున్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడి కథ. చూశాక ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి వస్తాయి, నాన్నగారు టీవీ ఆపేసి పడుకుంటానంటే ఆపండి. అందులో మంగపతిగా శివాజీని చూసి నాకు నిజంగానే భయమేసింది. ఇంకా ఓపికుంటే ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018), చాలావరకు ఆ ఊరి మనుషులే నటించారు. దాని గురించి ఇంకేమీ చెప్పను, చెబితే చివర పాడవుతుంది.

ప్రశ్న: 1963లో ‘లవకుశ’ మొదటిసారి రంగుల్లో చూసినప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు మనవళ్ళు ‘హనుమాన్’ నాలుగుసార్లు చూశారు, నాకూ నచ్చింది. కానీ వాళ్ళని ఒక్క పాత సినిమాకి పది నిమిషాలు కూర్చోబెట్టలేకపోతున్నాను. ఏం చూపించమంటారు?

జవాబు: పెద్దాయనా, ముందు మీకు దండం, ‘నాకూ నచ్చింది’ అన్నందుకు. ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఆ మాట రాసిన పెద్దవారు మీరొక్కరే.

‘లవకుశ’తో మొదలుపెట్టకండి. అది మీకు సినిమా కాదు, పదేళ్ళప్పటి మీరు. తెలుగులో పూర్తి నిడివి రంగుల సినిమా అదే మొదటిదని, డబ్బుల్లేక మధ్యలో ఆగిపోయి ఏళ్ళు పట్టిందని, సి. పుల్లయ్య మొదలుపెడితే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారని మీరు చెప్పేలోపు వాళ్ళు లేచిపోతారు.

‘గుండమ్మ కథ’ పెట్టండి. మొదటి నుంచి వద్దు. పిండి రుబ్బే పాట దగ్గర పెట్టండి. ఎన్టీఆర్‌కి అది నూరో సినిమా అంటారు. అప్పటికే రాముడూ కృష్ణుడూ అని జనం దండం పెట్టే మనిషి, నిక్కరు వేసుకుని, పనివాడిలా, సావిత్రి పక్కన కూర్చుని రుబ్బుతూ పాడుతుంటాడు. మనవళ్ళకి పేరు చెప్పకండి. ‘వీడెవడు తాతయ్యా, భలే ఉన్నాడు’ అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు వెనక్కి తిప్పి, సూర్యకాంతం వచ్చే సీను దగ్గర ఆపండి.